నలభై క్వింటాళ్ళ మాట

అద్దంకి దగ్గర ఆ నాలుగెకరాల మిరప చేనును ఖాజాబీ, ఆమె భర్త అస్లాం కౌలుకు చేస్తున్నారు. భూమి చైతన్యకృష్ణది. ఆయన ఒంగోల్లో ఉంటూ చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్లు నడుపుతాడు. కౌలు డబ్బు కోసం తప్ప చేను వైపు రాడు.

ఈసారి కోతలకు ముందే వచ్చాడు. కారు దిగకుండానే అస్లాంని పిలిచాడు.

"రేపు ఇన్‌కంటాక్స్ వాళ్ళు వస్తున్నారు. సేద్యం నేనే చేయిస్తున్నానని, మీరు నా దగ్గర కూలికి ఉన్నారని చెప్పండి. నిరుడు ఎకరానికి నలభై క్వింటాళ్ళు పండిందనండి."

ఖాజాబీ ఉండబట్టలేకపోయింది. "నిరుడు తామర పురుగు పడి పది కూడా రాలేదు గదండీ బాబుగారూ?"

"సేద్యం మీద వచ్చిన దానికి పన్ను లేదు. యూనిట్ల మీద వచ్చిన దానికి ఉంది. కొంత ఇటు చూపించుకుంటాను. మీకేం పోయింది?"

"పురుగు మందు కొన్నప్పుడల్లా మేం పన్ను కడుతూనే ఉన్నాం గదండీ. నూటికి పద్దెనిమిదంట, కొట్లో చెప్పారు."

ఆయన నవ్వాడు. "అది వేరు, ఇది వేరు. నీకర్థం కాదులే." అస్లాం వైపు తిరిగి, "వచ్చే ఏడు చేను కావాలా, వద్దా?" అన్నాడు.

కారు వెళ్ళాక అస్లాం భార్యకు గట్టిగా చెప్పాడు. "రేపు నువ్వు నోరెత్తబాక. ఆయన లెక్కలు ఆయనవి. మనకు చేను కావాలి."

ఖాజాబీ సరేనంది. మనస్ఫూర్తిగానే అంది.

మర్నాడు వచ్చిన ఇన్‌స్పెక్టరు క్రిస్టీనా అనే నడివయసు మనిషి. మెత్తగా మాట్లాడింది. అస్లాం నేర్పిన మాటలన్నీ అప్పజెప్పాడు. మందులెవరు కొంటారంటే బాబుగారేనన్నాడు. ఆమె అన్నీ రాసుకుని లేస్తూ, ఖాజాబీ వంక చూసి జాలిగా అంది. "పోనీలేమ్మా. పంట పోయినా మీకు నష్టం లేదు. మీ కూలి మీకొస్తుంది."



"నష్టం లేదా?" అంది ఖాజాబీ. "నష్టమంతా మాదేనమ్మా! మందు మాది, ఎరువు మాది, అప్పు మాది. పండినా పండకపోయినా ఆయన కౌలు ఆయనకివ్వాల్సిందే. నలభై క్వింటాళ్ళు ఈ చేలో నేనెప్పుడూ చూళ్ళేదు."

అస్లాం తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ కూర్చుంది.

వారం తిరక్కుండానే బాబుగారి దగ్గర్నుంచి కబురొచ్చింది, కోతలయ్యాక చేను ఖాళీ చెయ్యమని. అస్లాం కేకలెయ్యలేదు. అదే ఖాజాబీని ఎక్కువ భయపెట్టింది. ఆఖరి కోత అయ్యాక బట్టలు సంచిలో పెట్టుకుని చీమకుర్తిలో వేరేవాళ్ళ క్వారీలో పనికి వెళ్ళిపోయాడు.

ఖాజాబీ ఒకరోజు బస్సెక్కి ఒంగోలు ఇన్‌కంటాక్స్ ఆఫీసుకు వెళ్ళింది.

"ఆయన చేత పన్ను కట్టించారామ్మా?" అని అడిగింది.

"అది బయటికి చెప్పకూడదమ్మా," అంది క్రిస్టీనా. "చేను పోయిందా?" అని అడిగింది.

"పోయింది."

ఆమె మంచినీళ్ళు తెప్పించి ఇచ్చింది. అంతకు మించి ఆమె మాత్రం ఏం చెయ్యగలదు?

వానలు పడేసరికి ఊళ్ళోని సుబ్బరావమ్మ గారు ఎకరన్నర చవుడు నేల కౌలుకిచ్చింది. మిరప రాదు, పత్తి వెయ్యాలి. ఖాజాబీ ఆ మాట ఫోన్లో చెప్తే అస్లాం దగ్గుతూ విన్నాడు.

"ఎందుకు చెప్పావే ఆ రోజు?"



"విత్తనాలకు రేపు వస్తావా?" అంది ఖాజాబీ.

"చూస్తా," అన్నాడు.