హేమలతకు నేస్తం కట్టారు

భోజనంలో గుడ్డు వడ్డించే రోజొస్తే చాలు, సోనికి గుండెల్లో దడ. జి.మాడుగుల దాటాక కొండమీదున్న ఆ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి హేమలత తన గుడ్డుతో ఆగదు, సోనివాళ్ల ఎనిమిదో తరగతి పిల్లల గుడ్లన్నీ తనవే. ఇవ్వకపోతే చెంప ఛెళ్లు! అన్ని గుడ్లు ఎలా అరుగుతాయో ఆ మహాతల్లికే తెలియాలి.

ఆదివారం అమ్మమ్మ సోములమ్మ ఉడికిన చిలగడదుంపలు పట్టుకుని చూడ్డానికొచ్చింది. వస్తూనే మనవరాలి చెంప తడిమింది.

"ఈ వాపేటే గుంటా? ఎవులైనా కొట్టినారా? కొడితే సదువూ వద్దు, ఏటీ వద్దు. బేగి సంచీ సర్దు, కాఫీ తోట పనికి పోదాం."

సోని ప్రాణం విలవిల్లాడింది. చదువుకుని ఇదే కొండకి నర్సుగా రావాలని దాని ఆశ. సరిగ్గా అప్పుడే హేమలత వచ్చి, సోని చేతిలోని దుంప లాక్కుని సగం కొరికింది.

"ఎవులే ఈ గుంట?"

"నా... నా నేస్తం, అమ్మమ్మా!" అనేసింది సోని భయంతో.

ఇంకేముంది! సోములమ్మ మొహం వెలిగిపోయింది. కొండమీద నేస్తమంటే ఊరికే నోటిమాటా? కట్టాలి. హేమలత చేతిలోని సగం దుంప తీసి సోని నోట్లో కుక్కింది. బడి పెరట్లో బంతిపూలు తెంపి ఇద్దరి చెవుల్లో పెట్టి, కొంగుముడిలోని బియ్యం తలలమీద చల్లింది. హేమలత నోట్లో దుంప దిగేలోపే అంతా అయిపోయింది.

"ఇకమీదట పేరెట్టి పిలవకూడదు, నేస్తం అనాల. సెయ్యెత్తితే కొండదేవత ఊరుకోదు. దాని నేస్తాలు నీకూ నేస్తాలే. తెలిసిందా?"

హేమలతదీ కొండే, తెలియకేం!

బుధవారం గుడ్డు. హేమలత అలవాటుగా సోని ముందుకొచ్చి చెయ్యెత్తింది. చెయ్యి గాల్లోనే ఆగింది. దాంతో బుర్ర గోక్కుని, పక్కనున్న వెన్నెల మీదికి తిరిగింది.

"ఆగు నేస్తం! మేమిద్దరం నిన్ననే నేస్తం కట్టుకున్నాం," అంది సోని, వెన్నెల చెవిలోని బంతిపువ్వు చూపిస్తూ.

ఆ పక్క పిల్ల చెవిలోనూ పువ్వే. వరస చివరిదాకా పువ్వులే! బడి పెరట్లో ఒక్క బంతిపువ్వు మిగిలితే ఒట్టు.

హేమలతకి ఏడుపొక్కటే తక్కువ. "ఓలమ్మా, మరి నానెవుల్ని కొట్టాలే?"

పిల్లలు పగలబడి నవ్వారు. వెన్నెల మాత్రం కంచం పక్కకి జరిపి, "రా నేస్తం, ఇక్కడ కూకో," అంది.

హేమలత కదల్లేదు. ఈ బడికొచ్చిన నాటినుంచి ఆమెను చూసి లేచి పారిపోయినవాళ్లే గానీ, పక్కన చోటిచ్చినవాళ్లు లేరు. కాసేపటికి వచ్చి కూర్చుంది. తన గుడ్డు తనే ఒలుచుకుని, తలెత్తకుండా తింది.