వెంట్రుకవాసి వణుకు

ఆ రెండు డ్రిల్లుల్లో ఏది మేలని అడిగినప్పుడు తాను అబద్ధం చెప్పలేదని బసవపున్నయ్య ఏడాదిగా తనకు తానే సర్దిచెప్పుకుంటున్నాడు. మనసు మాత్రం ససేమిరా అంటోంది.

సంగతి తొంభై ఐదు నాటిది. ఫిల్మ్ నగర్‌లోని ఒక స్టూడియోలో ఆయన సెట్టు వడ్రంగులకు మేస్త్రీ. కుర్రతనమంతా తెనాలిలో టేకు బీరువాలూ పందిరిమంచాలూ చేసి, మద్రాసు మీదుగా ఇక్కడికి చేరిన మనిషి. సెట్టు పని వేరే రకం. జమీందారు మేడ కట్టినా దాని ఆయుష్షు పదిహేను రోజులే. ముందువైపు నగిషీలు, వెనకవైపు చెత్త చెక్క. మేకు కూడా పూర్తిగా దిగ్గొట్టరు. రేపు లాగెయ్యడానికి వీలుగా తల పైకి వదిలేస్తారు. కెమెరాకి కనపడనిది ఎంత వంకరగా ఉన్నా అడిగే నాథుడు లేడు. అయినా బసవపున్నయ్య ఒకప్పుడు అసలు పని చేసినవాడని అందరికీ గౌరవం. చెక్క గురించి గానీ పనిముట్టు గురించి గానీ ఆయన మాటకి తిరుగుండేది కాదు.

ఆయనకు కుడిభుజం జంగయ్య. మోతీనగర్ మనిషి, పదకొండేళ్లుగా వెంట ఉన్నాడు. రెండేళ్ల కిందట సెట్టు విప్పుతుంటే దూలం జారి అతని ఎడమచేతి మీద పడింది. చెయ్యి దక్కింది గానీ పట్టు పోయింది. ఆ చేత్తో చెక్కని ఆనించగలడు, పట్టుకోలేడు. చేత్తో తిప్పి రంధ్రాలు వేసే బర్మా తిప్పలేక, బరువైన కరెంటు డ్రిల్లు ఎత్తలేక నానా అవస్థా పడుతున్నాడు. ప్రొడక్షన్ మేనేజర్ చలపతిరావు, "అతన్ని ఇంకెన్నాళ్లు మోస్తారండీ మేస్త్రీ గారూ" అని రెండుసార్లు అడిగాడు కూడా. బసవపున్నయ్యే అడ్డుపడి కాపాడుకుంటూ వచ్చాడు. అలా కాపాడటంలో తనకు కాస్త గొప్పగా ఉండేదన్న సంగతి ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అలాంటి రోజుల్లో నిర్మాతగారి తమ్ముడు సింగపూర్ నుంచి రెండు డ్రిల్లులు తెచ్చాడు. వైరు లేదు, పిడి కింద బ్యాటరీ. చలపతిరావు వాటిని బల్ల మీద పెట్టి, "రెండూ వాడి చూసి ఒకటి చెప్పండి. అలాంటివి ఆరు తెప్పిస్తాను" అన్నాడు.

మొదటిదాని చక్కు, అంటే రంధ్రం వేసే బిట్టుని పట్టి ఉంచే ముందుభాగం, అందరికీ తెలిసిన రకమే. బిట్టు మార్చాలంటే ఒక చేత్తో చక్కుని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో చిన్న తాళంచెవి తిప్పాలి. రెండోది కొత్త రకం. మూతి దగ్గర ఉంగరం లాగితే చక్కుకి చక్కే ఊడి చేతిలోకి వస్తుంది. అది ఊడిన చోట డ్రిల్లుకి ఆరు పలకల రంధ్రం. స్క్రూ బిగించే బిట్టు నేరుగా అందులో కూర్చుంటుంది. మళ్లీ రంధ్రం వెయ్యాలంటే చక్కుని బిట్టుతో సహా టక్కున తగిలించుకోవడమే.

జంగయ్య ఆ రెండోదాన్ని ఎడమ చంకలో ఇరికించుకుని, కుడిచేత్తో ఉంగరం లాగాడు. చక్కు ఊడింది. మళ్లీ తగిలించాడు. మళ్లీ తీశాడు.

"ఒక్క చేత్తోటే అయితున్నది మేస్త్రీ" అన్నాడు. "గిది ఉంటే ఇగ నా గురించి ఎవ్వరు ఫికర్ చెయ్యనక్కర్లేదు."

ఆ ముఖంలో అంత వెలుగు చూసి బసవపున్నయ్య సంతోషించాడు. ఆ సంతోషం అబద్ధం కాదు. అది మరో అరగంట నిలిచి ఉంటే ఈ కథే లేదు.

రెండు చట్రాలు నిలబెట్టి పోటీ పెట్టారు. చట్రానికి పన్నెండు పట్టీలు. ఒక్కో పట్టీ ఆనించి, రంధ్రం వేసి, బిట్టు మార్చి, స్క్రూ బిగించి, తర్వాతిదానికి వెళ్లాలి. తాళంచెవి డ్రిల్లు మేస్త్రీకి, ఉంగరం డ్రిల్లు జంగయ్యకి. పెయింటింగ్ వాళ్లూ లైట్ల వాళ్లూ చుట్టూ చేరారు. మూడో పట్టీ దాకా ఇద్దరూ సమానం. నాలుగో దగ్గర బసవపున్నయ్య తాళంచెవి రంపపు పొట్టులో పడింది. వంగి వెతుక్కుని లేచేసరికి జంగయ్య ఆరో పట్టీ మీద ఉన్నాడు. జంగయ్య పన్నెండూ ముగించినప్పుడు ఆయన చేతిలో ఏడోది ఉంది.

"మేస్త్రీ గారూ, జంగయ్యన్న టీ తాగొచ్చినా మీకంటే ముందే ఉంటాడండీ" అంది రంగులు వేసే పుష్పవల్లి. అందరూ నవ్వారు. ఆ నవ్వులో విషం లేదు, వేళాకోళమే. జంగయ్యా నవ్వాడు. పదకొండేళ్లలో అతను మేస్త్రీని మించి చేసిన పని అదొక్కటే మరి.

బసవపున్నయ్యకి ఒళ్లు మండింది. ఎవరి మీద మండిందో ఆయనకు స్పష్టంగా తెలుసు.

"ఏం తెప్పించమంటారు?" అన్నాడు చలపతిరావు.

ఆయన తొందరపడలేదు. ఉంగరం డ్రిల్లు తీసుకుని, చక్కులో ఓ పొడుగాటి బిట్టు బిగించి తిప్పాడు. "మొన చూడండి. నిలకడగా లేదు, వెంట్రుకవాసి వణుకుతోంది. ఊడొచ్చే చక్కుకి ఆ జబ్బు తప్పదండీ. రంధ్రం గుండ్రంగా రాదు. పనివాడి చెయ్యి పాడవుతుంది. తాళంచెవిదే తెప్పించండి."

అందులో ఒక్క ముక్క కూడా అసత్యం కాదు. టేకు బీరువా చేసేవాడికి ఆ వణుకు నిజంగా లోపమే. కానీ పదిహేను రోజుల్లో పీకేసే ప్లైవుడ్ గోడకి, సగం దిగిన మేకులతో నిలబడే మేడకి, వెంట్రుకవాసి వణుకు ఒక లెక్కా? ఆ సంగతి అక్కడ అందరికంటే బాగా ఆయనకే తెలుసు. అసలు పని చేసిన పెద్దమనిషి చెబుతున్నాడు కదా అని ఎవరూ ఎదురు చెప్పలేదు. జంగయ్య కూడా వంగి ఆ మొనని శ్రద్ధగా చూశాడు.

"అవు, వణుకుతున్నది" అన్నాడు.

ఆరు తాళంచెవి డ్రిల్లులు వచ్చాయి. జంగయ్యని మేకులు లాగే పనికి పెట్టారు. మూడు వారాలు లాగాడు. నాలుగో వారం రాలేదు. బసవపున్నయ్య ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూనే ఏడాది గడిపేశాడు. ఆ జాప్యానికి ఏ పేరు పెట్టినా అది సిగ్గే.

మరో ఆరు డ్రిల్లులు కావలసి వచ్చినప్పుడు మాత్రం, "ఈసారి ఉంగరం రకం తెప్పించండి" అని చలపతిరావుకి చెప్పి, ఆ ఆదివారం ఉదయమే మోతీనగర్ వెళ్లాడు. జంగయ్య కర్రల డిపోలో కాపలా ఉంటున్నాడట. ఇంట్లోనే దొరికాడు. భార్య దేవమ్మ టీ ఇచ్చి గడప దగ్గర కూర్చుంది.

"ఒంటి చేత్తో మార్చుకునేవే వస్తున్నాయి జంగయ్యా. సోమవారం నుంచి వచ్చెయ్" అన్నాడు బసవపున్నయ్య.

జంగయ్య ముఖం ఒక్క క్షణం వెలిగింది. అంతలోనే తల అడ్డంగా ఊపాడు. "నా కోసం మాట మార్చకు మేస్త్రీ. మొన వణుకుతదని నువ్వే చూపిస్తివి కద. నా ఒక్కని చేతి కోసం అందరికి ఖరాబు సామాను ఎందుకు?"

"సెట్టు పనికి ఆ వణుకెంత? అది మనకు అడ్డమే కాదు."

"మరి గప్పుడెందుకు చెప్పినవ్?"

అడగడంలో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. చెప్పాల్సింది ఒక్క ముక్క. నువ్వు నన్ను దాటిపోయావు, ఓర్చుకోలేకపోయాను. అది చెబితే జంగయ్య కొంతసేపు బాధపడతాడు, తర్వాత సోమవారం పనిలోకి వస్తాడు. బసవపున్నయ్యకి అదంతా అరచేతిలో ఉన్నంత స్పష్టంగా ఉంది. నోరు తెరిచాడు. దేవమ్మ ఆయనవైపే చూస్తోంది. గ్లాసు ఎత్తి మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

ఆయన ఇబ్బంది చూడలేక జంగయ్యే అందుకున్నాడు. "నాకెరికే. వేరేటోడు గట్లంటే కుళ్లుతోని అన్నడనుకుంటుంటి. నువ్వు అసలు పని చేసినోనివి. పనిముట్టు చేతుల వడితే నువ్వు మనిషిని చూడవు, పనినే చూస్తవ్. గంతే కద?"

"అంతే" అన్నాడు బసవపున్నయ్య.

కొత్త డ్రిల్లులు వచ్చాయి. భలే ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. జంగయ్య రాలేదు.