రెల్లు కొట్టిన మనిషి

తెనాలి మార్కెట్లో మాణిక్యాంబను మోసం చేయాలని చూసినవాళ్లు ఒక్కసారే చూశారు. రెండోసారి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పాతికేళ్లుగా కృష్ణ మధ్యనున్న లంకల నుంచి అరటిగెలలు తెప్పించి అమ్ముతున్న మనిషి. బండి మీదున్న గెలను దూరం నుంచే చూసి, అది ఏ లంకదో, కోసి ఎన్ని పూటలయిందో చెప్పగలదు. అలాంటి మనిషికి గట్టుపాటివారి వంశావళి పుస్తకం ప్రూఫు పంపించడం రేపల్లెలో ఉండే బసవేశ్వరరావు చేసిన మొదటి పొరపాటు.

అది 1968, కోతలు ముగిసిన రోజులు. ప్రెస్సులో అక్షరాలు పేర్చే మార్కు ఆ కాగితాలు పట్టుకొచ్చాడు. పది ప్రతులు తీసుకోమని బసవేశ్వరరావుగారు చెప్పమన్నారన్నాడు. మాణిక్యాంబ గెలల మధ్య నిలబడే చదివింది. కృష్ణకు ఆనకట్ట పూర్తయిన 1855వ సంవత్సరంలో గట్టుపాటి దశరథరామయ్యగారు రెల్లు నరికి, లంకలో మొట్టమొదటి పాక వేసిరని మొదటి పేజీలో ఉంది. అదే దశరథరామయ్యగారు 1932లో, తమ ఎనభై ఒకటవ ఏట, సహస్ర చంద్ర దర్శనోత్సవం జరుపుకొనిరని నాలుగో పేజీలో ఉంది.

ఆ ఉత్సవంలో భోజనం చేసింది మాణిక్యాంబ. పులిహోరలో ఉప్పు తక్కువయిన సంగతి కూడా ఆమెకు గుర్తుంది. వేళ్లు మడవకుండానే లెక్క తేల్చేసింది.

"మార్కూ, నాలుగేళ్ల పిల్లాడు కత్తి పట్టుకుని లంకంతా నరికేశాడంటావా?"

"నేను అక్షరాలు పేర్చేవాణ్ణండి. అంకెల సంగతి మీరే చూసుకోవాలండి."

రెల్లు కొట్టింది ఎవరో మాణిక్యాంబకు తెలుసు. ఆమె అమ్మమ్మ సుబ్బాయమ్మ బతికున్నంత కాలం చెప్పేది. కొట్టింది సుబ్బాయమ్మను కన్న పుల్లమ్మ. అందుకే అది పుల్లమ్మలంక. రేవులో పడవవాడు అరిచేది ఆ పేరే. పుస్తకంలో ఆ పేరు ఎక్కడా లేదు. పైగా చివరి పేజీలో కలెక్టరుగారికి ఒక అర్జీ ఉంది. ఇకమీదట ఆ ఊరిని దశరథరామయ్యలంక అని వ్యవహరించాలట. పుస్తకం అచ్చయితే అర్జీకి బలం వస్తుంది. అర్జీ మంజూరయితే పడవవాడి నోటి నుంచి కూడా పుల్లమ్మ పోతుంది. ఇంకో రెండు తరాలకు అలాంటి మనిషి పుట్టనే లేదంటారు.

మర్నాడే రేపల్లె బస్సెక్కింది. బసవేశ్వరరావు దశరథరామయ్య మనవడు, మాణిక్యాంబకు వరసకు అన్న. రైసుమిల్లు వరండాలో కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, ఓపిగ్గానే విన్నాడు. పుల్లమ్మ అంటే గ్రామదేవత అనీ, పూర్వం లంకలకు అమ్మవార్ల పేర్లే పెట్టేవారనీ చెప్పాడు. రేవు పక్కన ఆవిడకు చిన్న గుడి కూడా కట్టిస్తానన్నాడు.

"గుడిలో కూర్చోబెడితే ఆవిణ్ణి ఇక ఎవరూ అమ్మమ్మ అనరు అన్నయ్యా. ఎత్తు భలే వేశావు."

బసవేశ్వరరావు గొంతు తగ్గించాడు. ఆవిడ నిజాంపట్నం రేవున చేపలు ఎండబెట్టుకునే ఇంట్లో పుట్టిందన్నాడు. మొగుడు పోయాక పసివాడైన దశరథరామయ్యను వేసుకుని, తాళి కట్టని మనిషితో వచ్చిందన్నాడు. సంగతి నలుగురిలో పడితే మాణిక్యాంబ మనవరాలికి సంబంధాలు కూడా రావన్నాడు. అయినా అది గట్టుపాటివారి పుస్తకమనీ, ఇంటిపేరు మారిపోయిన ఆడపిల్లల సంతానానికి అందులో మాట్లాడే హక్కు లేదనీ తేల్చాడు.

"రానివాళ్లు ముందే రాకపోతే నాకు వెతుకులాట తగ్గుతుంది" అని మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచింది మాణిక్యాంబ. "చేపలు ఎండబెట్టిన చేత్తోనే రెల్లు కొట్టింది. ఆ నేల పంట తిని పెరిగినవాడివి, ఆ చెయ్యి వాసనేస్తోందా నీకు?"

అక్కణ్ణుంచి చేబ్రోలు వెళ్లింది. వాళ్ల కుటుంబాల గోత్రాలు, తరాల పేర్లు కంఠస్థం చేసి, ఏటా కోతలయ్యాక ఇంటింటికీ వచ్చి చదివే నరసింహం ఉండేది అక్కడే. ఆయన చాలాసేపు నసిగి చివరికి ఒప్పుకున్నాడు. పుల్లమ్మ నుంచే వంశం మొదలవుతుందనీ, బసవేశ్వరరావు తండ్రి, అప్పట్లో వంశావళి చదివే తన తండ్రికి శాలువా, పాడిగేదె ఇచ్చి ఆ వరుస చదవొద్దన్నాడనీ చెప్పాడు. చదవకపోయినా మరిచిపోకూడదని తండ్రి తనకు నేర్పాడన్నాడు.

మాణిక్యాంబ మనసులోనే బేరం లెక్క వేసుకుంది. గేదె బదులు గేదె ఇస్తే నరసింహం నోరు తనవైపు తిరుగుతుంది. రేపు బసవేశ్వరరావు రెండు గేదెలిస్తే అటు తిరుగుతుంది. కొన్న మాటకు నిలకడ ఉండదు. అందుకని ఏమీ ఇవ్వనని మొహం మీదే చెప్పింది.

"ఆ గేదె వట్టిపోయి ఎన్నాళ్లయిందో నీకే తెలియాలి. ఏటా నీ జోలెలో బియ్యం పోసేది ఎవరు నరసింహం?"

"ఆడవాళ్లేనమ్మా."

"వాళ్ల అమ్మమ్మను మింగేసి, వాళ్ల చేటలో బియ్యం ఎలా తీసుకుంటున్నావు? నాకోసం ఏమీ చెప్పొద్దు. ఉన్నది ఉన్నట్టు చదువు, చాలు."

తరవాత వారం రోజులు దుకాణం పాలేరుకు వదిలి, కొల్లూరు రేవు నుంచి పడవలో రోజూ లంకకు వెళ్లొచ్చింది. ఇంటింటా వంటింట్లోనే కూర్చుంది. ఎవరినీ ప్రమాణాలు అడగలేదు. మీ అందరి పుట్టుకా ఒక ఆడమనిషి దగ్గర మొదలైంది, దాన్ని అచ్చులో చంపేస్తున్నారు, రేపల్లెలో సభకు రండి అని మాత్రం చెప్పింది.

అచ్చుకు ముందు పుస్తకాన్ని బంధువులందరి ముందూ చదివి ఒప్పించుకోవాలని బసవేశ్వరరావు రేపల్లె సత్రంలో సభ పెట్టాడు. బాపట్ల నుంచి కూడా చుట్టాలొచ్చారు. ముందు వరసలో మగవాళ్లు పాతికమంది. వెనక ఆడవాళ్లు అరవైమందికి పైనే. అంతమంది వస్తారని ఆయన అనుకోలేదు. మార్కు ప్రూఫులు ఒళ్లో పెట్టుకుని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి పేజీ చదవగానే మాణిక్యాంబ లేచి రెండు సంవత్సరాలూ చెప్పి తీసివేత చేసి చూపించింది. వెనక నుంచి నవ్వులు. లెక్కల్లో అచ్చుతప్పు ఉండొచ్చునని బసవేశ్వరరావు అన్నాడు.

"అయితే తప్పు లేనిది నరసింహం నోట్లో ఉంది. విందాం" అంది.

నరసింహం లేచాడు. ముందు వరసలోని శాలువాలను చూశాడు. వెనకనున్న ఆడవాళ్లను చూశాడు. గొంతు సవరించుకుని అందుకున్నాడు. "నిజాంపట్నం రేవు విడిచి వచ్చిన పుల్లమ్మ, చంకన దశరథరామయ్య, కడుపున సుబ్బాయమ్మ. రెల్లు కొట్టింది పుల్లమ్మ, పాక వేసింది పుల్లమ్మ, లంకలో తొలికాన్పు పుల్లమ్మది." అక్కడి నుంచి ఎక్కడా తడబడకుండా అయిదు తరాలు దిగాడు.

అందరిలోకీ పెద్దవాడు, దశరథరామయ్య చిన్నకొడుకు కోటేశ్వరరావు, కర్ర మీద గడ్డం ఆనించుకుని, "మా నాన్న కూడా ఇదే చెప్పేవాడు. పోయే ముందు ఆవిణ్ణే పిలిచాడు" అన్నాడు.

బసవేశ్వరరావు మొహం ఎర్రబడింది. "ఆ పేరు వేసేటట్టయితే నా పేరు తీసేయండి" అని చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. ఆయన వెనక ముగ్గురు లేచారు. మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు.

మార్కు పెన్సిలు పట్టుకుని పెద్దాయన వైపు చూశాడు. కోటేశ్వరరావు మాణిక్యాంబ వైపు చెయ్యి చూపించాడు.

"తీసేయమంటారాండి, ఆయన పేరు?" అన్నాడు మార్కు.

"ఎందుకు తీస్తావు? పుల్లమ్మ మునిమనవడాయన. కోపమొస్తే పుట్టుక పోతుందా? ఆ అర్జీ కాగితం ఒక్కటీ తీసి నాకివ్వు. అన్నిటికంటే పైన పుల్లమ్మ అని వెయ్. కింద ఒక పక్క దశరథరామయ్య, ఇంకో పక్క సుబ్బాయమ్మ. సుబ్బాయమ్మ కింద ఆడపిల్లలందర్నీ ఎక్కించు. ఇంటిపేర్లు ఎక్కడ మారితే అక్కడ మారినట్టే వెయ్."

వెనకనున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తల్లి పేరు, తల్లిని కన్నతల్లి పేరు చెప్పసాగారు. మార్కు రాస్తూ పోయాడు. కాసేపటికి చోటు చాలక కాగితం వెనక్కి తిప్పాడు.