ఎవరినడిగి ఫైసలా చేసిన్రు

దొరకు బడి మీద ప్రేమ పుట్టిందంటే నాగులకుంటలో పాలు తాగే పిల్ల కూడా నమ్మదు. అలాంటిది ఒకనాడు పొద్దున్నే మాదిగవాడ భీమయ్య డప్పు కొట్టుకుంటూ వీధి వీధీ తిరిగాడు.

"విన్నోళ్లు విననోళ్లకు చెప్పుండ్రి! అమాస ఎల్లినంక బడి గడి లోపట నడుస్తదంట! పిల్లలు గడి దర్వాజల నుంచే పోవాల్నంట! ఇది దొర ఫైసలా, సర్కారు ఫైసలా!"

వాకిట్లో కూర్చుని పల్లికాయ ఒలుస్తున్న హన్మమ్మ చాటను పక్కకు నెట్టి వీధిలోకి వచ్చింది.

"ఎవరినడిగి చేసిన్రు భీమన్నా?"

"నన్నడుగుతవేందక్కా? చెప్పుమన్నది చెప్తి. జర పోనీయ్, ఇంకా రెండు వీధులున్నయ్" అని భీమయ్య ఆమె కళ్లలోకి చూడకుండా వెళ్లిపోయాడు.

హన్మమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బడి కట్టింది దొర కాదు. సర్కారు అంతకంటే కాదు. సర్కారు ఒక పంతులును పంపించి చేతులు దులుపుకుంది. గోడలు పెట్టింది ఊరు. హన్మమ్మ మరిది కురుమూర్తి తన చేనుగట్టు మీది వేప చెట్టు కొట్టించి దూలం ఇచ్చాడు. దూది ఏకి పరుపులు కుట్టే ఖాజా మియా తన ఇంటి తలుపు ఊడదీసి బడికి పెట్టి, తన గుమ్మానికి గోనెపట్టా వేలాడదీసుకున్నాడు. మాదిగవాడ మగవాళ్లు గుట్ట మీది నుంచి రాళ్లు మోశారు. మట్టి తొక్కింది, గోడ మెత్తింది హన్మమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు. ఇప్పుడు దొరవారి కన్ను దాని మీద పడింది.

గడి అంటే నాగులకుంటలో దొర ఇల్లు. చుట్టూ రెండు నిలువుల గోడ, ఒకటే దర్వాజ. ఆ దర్వాజ ముందు నుంచి పోవాల్సి వస్తే హన్మమ్మ చుట్టుదారిన పోయేది. ఆమె అక్క పార్వతమ్మ చిన్నతనంలో గడి వాకిలి ఊడ్వడానికి వెట్టికి పోయింది. దొర బిడ్డకు పెళ్లి చేసి అత్తింటికి పంపేటప్పుడు పెట్టెలతో, పాడి ఆవులతో పాటు పార్వతమ్మను కూడా పంపేశారు. గద్వాల దిక్కున ఏదో గడిలో ఉందని ఒకరన్నారు, ఎప్పుడో చచ్చిపోయిందని ఒకరన్నారు. పంపేముందు తల్లిని ఎవరూ అడగలేదు. తల్లి కూడా ఎవరినీ అడగలేక, ఏడ్చి ఏడ్చి పోయింది.

ఇప్పుడు హన్మమ్మ బిడ్డ జములమ్మ బడికి పోతోంది. ఊళ్లో బడికి పోతున్న ఆడపిల్ల అదొక్కతే. మొగుడు పోయినా, చేను ఎండినా హన్మమ్మ దాన్ని పనికి పెట్టలేదు. సాయంత్రం కాగానే అది పలక పట్టుకుని పాఠం అప్పజెబుతుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల్లి పొయ్యి ముందు కూర్చుని చివరిదాకా వినేది. ఆ పిల్ల రోజూ గడి దర్వాజలోంచి లోపలికి పోవాలట. ఒకరోజు పలక పక్కన పెట్టి చీపురు అందుకోమంటారు. ఆ తర్వాత అది ఇంటికి రాదు. ఇది హన్మమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నేను పంపియ్య" అంది ఆమె ఖాజా మియా ఇంటి ముందు నిలబడి. "సదువన్న మాన్పిస్త గని గా దర్వాజల నా బిడ్డ అడుగు వెట్టది."

"మాన్పిస్తే దొరకే మంచిదాయె కదక్కా" అన్నాడు ఖాజా మియా. అతను వారం వారం ఆత్మకూరు సంతకు పోతాడు. అక్కడ, దొరల వెట్టికి ఎదురు తిరిగిన సంఘం వాళ్ల మాటలు విని వస్తాడు. "బడి జాగా మార్వాల్నంటే ఊరోళ్లను అడగాల్నంట. సంఘపోళ్లు చెప్తున్నరు. పోయి బళ్లు తనిఖీ చేసే నాజర్ సాబును పిలుసుకొస్తం. మన ముందర అడుగుమంటం."

పదిమంది కలిసి నాజర్ మకాం చేసిన చోటికి పోయారు. రోజంతా ఎండలో నిలబెట్టి, పొద్దు వాలాక ఆయన సరేనన్నాడు. ఊరు పండగ చేసుకున్నంత పని చేసింది.

నాజర్ వచ్చిన రోజు బడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఆయనకు ఒక కుర్చీ, పక్కన ఖాళీగా ఇంకొక కుర్చీ. ఆయన ఉర్దూలో చెప్పాడు, పట్వారీ తెలుగులో అరిచాడు.

"బడి గడిలకు పోవుడు ఇష్టమున్నోళ్లు కూసోండ్రి! ఇష్టం లేనోళ్లు నిలవడుండ్రి!"

ఒక్కరూ కూర్చోలేదు. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఉన్నారు. హన్మమ్మకు గుండె ఉప్పొంగింది. ఇంత తేలికా? ఇన్నాళ్లూ ఒక్కరు అడిగితే సరిపోయేదా?

నాజర్ కళ్లజోడు సవరించుకుని జనాన్ని చూస్తుండగా దొర వచ్చాడు. తొందరేమీ లేదు. కిర్రుచెప్పులు చప్పుడు చేసుకుంటూ వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

దొర కూర్చున్నచోట జనం నిలబడకూడదు. ఆయన తలకన్నా ఎవరి తలా ఎత్తున ఉండకూడదు. అది తాతల నాటి రివాజు. ముందు వరుసలోని ముసలివాళ్లు తలగుడ్డలు తీసి చంకలో పెట్టుకుని చతికిలబడ్డారు. వాళ్ల వెనకవాళ్లు, ఆ వెనకవాళ్లు. కురుమూర్తి కూర్చున్నాడు. ఉర్దూ, తెలుగు రెండూ అర్థమైన ఖాజా మియా కూర్చున్నాడు. ఆడవాళ్లు కొంగులు సర్దుకుని కూర్చున్నారు. ఒంటికి నేల తగిలాక గానీ తాను కూడా కూర్చున్నానని హన్మమ్మకు తెలియలేదు.

"వాహ్! సబ్ రాజీ!" అన్నాడు నాజర్. "అందరు ఒప్పుకున్నరు!" అని పట్వారీ అరిచాడు.

"కాదు సాబ్! అట్ల కాదు!" హన్మమ్మ లేవబోయింది. దొర తల తిప్పి చూశాడు. ముందున్న ముసలాయన ఆమె కొంగు పట్టుకుని కిందికి లాగాడు. ఆమె మళ్లీ లేచేసరికి నాజర్ కచ్చడం బండి ఊరు దాటుతోంది.

ఆ తర్వాత ఊరంతా ఒకరి మీద ఒకరు పడ్డారు.

"నువ్వు కూసున్నవనే నేను కూసుంటి!"

"నేను కూసుంటే నీ బుద్ధి ఏడికి పోయింది? గడ్డి మేయనీకి పోయిందా?"

"అయిపోయినదానికి కొట్లాడుడెందుకు వదినా?" అన్నాడు కురుమూర్తి నీరసంగా. "మన రాత గట్లున్నది."

"రాత కాదు, మోకాళ్లు!" అని హన్మమ్మ తన మోకాలి మీద తానే గుద్దుకుంది. "థూ! నా మోకాళ్లు కూడా దొర మాటే వినవట్టె!" ఆమెకు దొర మీద కన్నా తన మీద తనకే ఎక్కువ కోపంగా ఉంది. ఆ కోపం ఎక్కడ చూపాలో తెలియక ఇంటికి పోయి, ఏ తప్పూ చేయని జములమ్మను కసిరింది.

తాలూకా కచ్చేరికి పోయారు. కచ్చేరి గుమాస్తా తల ఎత్తకుండానే, "ఊరంతా కూసున్నరు. నాజర్ సాబ్ కండ్లార చూసిండు. ఇంకేం గావాలె?" అన్నాడు.

"భయానికి కూసున్నం సారూ, ఇష్టమై కాదు. ఫైసలా కాయితంల ఏం రాసిన్రో జర సదివి వినిపియ్యిండ్రి" అని ఖాజా మియా బతిమాలాడు.

"మీకు వినిపిచ్చే హుకుం లేదు."

"మా బడి ముచ్చట మాకు వినిపిచ్చెతందుకు హుకుం గావాల్నా?" అంది హన్మమ్మ. గుమాస్తా జవానును పిలిచి అందరినీ మెట్లు దింపించాడు. మళ్లీ పోతే రేపు రమ్మన్నారు. రేపు పోతే పై నుంచి వచ్చిందన్నారు. పై అంటే ఎవరు, ఎక్కడుంటాడు అంటే నవ్వారు. అమావాస్య దగ్గరపడుతోంది.

చివరికి కురుమూర్తి కళ్లంలో, పట్టపగలు, ఊరు కూడింది. ఈసారి భీమయ్య డప్పు కొట్టి పిలిచింది దొర హుకుం మీద కాదు, అందుకే సగం జనం నమ్మలేక ఆలస్యంగా వచ్చారు. గడికి నిప్పు పెడదామని ఒకడు, దొర కాళ్ల మీద పడదామని ఒకడు. అరుపులు మిన్నంటాయి. అప్పుడు కళ్లం అంచున, అందరికీ దూరంగా నిలబడ్డ భీమయ్య నోరు విప్పాడు.

"అడుగలేదు అడుగలేదు అని అందరు ఒర్లుతున్నరు. నిజమే, దొర మిమ్మల్ని అడుగలే. మరి బడి కట్టినప్పుడు రాళ్లు మోసింది మేము. మా పిల్లలు బయట అరుగు మీదనే కూసోవాల్నని ఎవరు ఫైసలా చేసిన్రు? మమ్మల్నడిగిన్రా?"



"గా ముచ్చట వేరేరా" అన్నాడు కురుమూర్తి.

హన్మమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ అరుగు మెత్తింది ఆమె చేతులే. అక్కడ ఎవరు కూర్చుంటారో ఆనాడు తెలుసు. ఎందుకని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"వేరేది ఎట్లయితది కురుమూర్తీ? దొర మనల్ని చేసినట్టే మనం వీళ్లను చేస్తిమి. ఈయాల అందర్ని అడుగుదం. వాడోళ్లను, ఆడోళ్లను, అందర్ని. నోరిప్పి చెప్పాలె. కూసునుడు, నిలవడుడు వద్దే వద్దు!" అంది ఆమె.

నలుగురు పెద్ద రైతులు తువ్వాళ్లు దులిపి లేచి వెళ్లిపోయారు. వాళ్లు మళ్లీ రాలేదు. మిగిలినవాళ్లను ఒక్కొక్కరినే అడిగారు. పళ్లన్నీ ఊడిన తిమ్మమ్మ దగ్గరికి వచ్చేసరికి ముసలిది బిత్తరపోయింది.

"నన్నా? నన్నడుగుతున్నరా?"

"నిన్నే పెద్దమ్మా. బడి ఏడుండాలె?"

ముసలిది చాలాసేపు ఆలోచించింది. ఎవరూ తొందరపెట్టలేదు. "గడిల మాత్రం వద్దు బిడ్డా. ఊరికి, వాడకు నడుమ వెట్టుండ్రి. అందరి పోరగాండ్లకు దగ్గరయితది. పిల్లలంత లోపటనే కూసోవాలె" అని చెప్పి, తన మాట నిలబడుతుందో లేదోనని చుట్టూ చూసింది. నిలబడింది.

బడి సామాను గడికి మోసుకుపోవడానికి దొర బండ్లు రాకముందే ఊరు తన బడిని తానే విప్పుకుంది. దూలం దించారు, తలుపు ఊడదీశారు, రాళ్లు మోశారు. ఊరికీ వాడకూ నడుమ గుంజలు పాతి, పైన జొన్నచొప్ప కప్పారు. పంతులు నౌకరీ పోతుందని భయపడి గడిలోకే పోయి, పట్వారీ కొడుకులిద్దరిని ముందేసుకుని కూర్చున్నాడు. ఇక్కడ అందరికన్నా బాగా చదివేది జములమ్మే కాబట్టి అదే పిల్లలకు అక్షరాలు దిద్దించింది. వాడ పిల్లలు మొదటిసారి కప్పు కింద, ఊరి పిల్లల పక్కన కూర్చున్నారు.

నాలుగో నాడు మిట్టమధ్యాహ్నం పోలీసు అమీను గుర్రం మీద వచ్చాడు. వెనక జవాన్లు.

"సర్కారు బడిని కూలగొట్టింది ఎవరు?"

"సర్కారుది కాదు సాబ్, మాది. అందర్ని అడిగి తీసినం" అంది హన్మమ్మ. "నువ్వు గూడ అడుగు, చెప్తరు."

అమీను ఎవరినీ అడగలేదు. హన్మమ్మకు, ఖాజా మియాకు చేతులు కట్టించాడు. పందిరి కింది నుంచి జములమ్మ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. హన్మమ్మ పందిరి దిక్కు తల ఊపి, "లోపటికి పో బిడ్డా. పిల్లలు ఎదురుచూస్తున్నరు, పాఠం చెప్పు" అంది. పిల్ల కదల్లేదు. తిమ్మమ్మ వచ్చి చేయి పట్టుకుని తీసుకుపోయింది.

అప్పుడు కురుమూర్తి గుర్రానికి అడ్డంగా వచ్చాడు.

"మా వదినను ఏడికి తీస్కపోతున్నరు సాబ్?"

"హట్ జావ్!"

"ఎవరు ఫైసలా చేసిన్రు? ఎవరినడిగి చేసిన్రు? గా ముచ్చట మా ముందర చెప్పి తీస్కపోండ్రి."

లాఠీ అతని భుజం మీద పడింది. కురుమూర్తి తూలి, నిలదొక్కుకుని, మళ్లీ అదే అడిగాడు. పక్కనే భీమయ్య అడిగాడు. ఆడవాళ్లు అడిగారు. అమీను గుర్రాన్ని అదిలించి కదిలిస్తే జనం వెనకాలే నడిచారు. దారి పొడుగునా చేలల్లో పనిచేసేవాళ్లు ఏందని అడిగి, సంగతి విని, కొడవళ్లు నడుముకు చెక్కుకుని కలిశారు. తమ ఊళ్లో కూడా ఇట్లే జరిగిందని ఒకరు, చెరువు ఫైసలా కూడా ఇట్లే అయిందని ఒకరు. తాలూకా కచ్చేరి చేరేసరికి నాగులకుంట వాళ్లెవరో, పరాయి ఊరివాళ్లెవరో తెలియకుండా పోయింది.

హన్మమ్మను, ఖాజా మియాను వేరు వేరు గదుల్లోకి నెట్టారు. గోడ అవతల హోరు. ఎవరు చేసిన్రు, ఎవరినడిగి చేసిన్రు, బయటికొచ్చి చెప్పుండ్రి. మెట్ల మీద జవాన్లు ఉన్నారు, లాఠీలు ఉన్నాయి, అయినా అది ఆగడం లేదు. ఆ గొంతుల్లో కురుమూర్తి గొంతు గుర్తుపట్టి హన్మమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అమీను చెమటలు తుడుచుకుంటూ తలుపు తెరుచుకుని వచ్చాడు. ఈసారి గొంతు తగ్గింది.

"ఏయ్, నువ్వే కదా వీళ్ల పెద్దవు? కిటికీ కాడికి వచ్చి ఇండ్లకు పొమ్మని చెప్పు. చెప్తే నిన్నిప్పుడే ఇడిసిపెడ్త."

హన్మమ్మ కట్టిన చేతులతోనే కొంగు సర్దుకుంది.

"నేనొక్కదాన్ని ఎట్ల ఫైసలా చేస్త సాబ్? వాళ్లను అడగాలె" అంది. "దర్వాజ తెరువు, పోయి అడుగుత."