వీపు వెనక చెయ్యి

వాలీబాల్ మ్యాచికి వ్యాఖ్యానం చెప్పేవాడికి ఎడమ చెవిలో ఒక లోకం, కుడి చెవిలో ఒక లోకం ఉంటాయి. ఎడమ చెవిలో హాలు గోల. కుడి చెవిలో బయట నిలిపిన ప్రసార వ్యానులోంచి డైరెక్టర్ గొంతు. ఏ కెమెరా ఎటు తిరగాలో, తెరమీద ఏ బొమ్మ పడాలో ఆ గొంతే చెబుతుంది. ప్రేక్షకులకు అది వినపడదు. మహిళల లీగ్ ఫైనల్ రోజున నా కుడి చెవిలో ఉన్నది మా అమ్మాయి.

ఇంట్లో నేను నాన్నని, నువ్వుని. హెడ్‌ఫోన్లో మాత్రం కామెంటరీని, మీరుని.

"కామెంటరీ, గొంతు బాగుందా?"

"బాగుందమ్మా."

"అమ్మా గిమ్మా లేదు ఇక్కడ. బాగుందంటే చాలు."

మాట్లాడేముందు చిన్నగా గొంతు సవరించుకోవడం వాళ్ల అమ్మ అలవాటు. ఆమె పోయాక ఆ చప్పుడు మళ్లీ వింటాననుకోలేదు. ఇప్పుడు ప్రతి సర్వీసుకీ ముందు వినిపిస్తోంది. నాకు జీతం ఇచ్చి మరీ వినిపిస్తున్నారు.

పాత డైరెక్టర్ మోకాలి ఆపరేషన్‌కి వెళ్లడంతో అమ్మాయికి దొరికిన కుర్చీ అది. వచ్చే సీజన్లో కూడా ఆ కుర్చీ ఆమెదా కాదా అన్నది ఈ ఒక్క మ్యాచితో తేలుతుందని ప్రొడ్యూసర్ ముందే చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు.

"నాలుగో కెమెరా జోలికి మాత్రం పోకు. మన బండి నడిచేది దాని మీదే."

నాలుగో కెమెరా కోర్టు వెనక గీత అవతల, నేలబారున ఉంటుంది. దాని వెనక, మేమంతా జూమ్ బాబాయ్ అని పిలిచే కెమెరామన్. ఎగురుతున్న బంతి మీద అతుకులు కూడా తేటగా చూపించగల చెయ్యి ఆయనది. పాయింటుకీ పాయింటుకీ మధ్య మాత్రం ఆయనకు వేరే పని ఉండేది. వంగి నిలబడ్డ అమ్మాయిల నడుము కింద లెన్స్ ఆనించడం, ఆపైన గ్యాలరీలో అందంగా ఉన్నవాళ్లను వెతకడం. వ్యానులో వాటిని తీపి షాట్లు అనేవాళ్లు. మగవాళ్ల మ్యాచుల్లో అదే సమయంలో స్కోరు చూపిస్తారు, కోచ్ మొహం చూపిస్తారు.

దాని ఫలితం ఎర్ర జట్టు కెప్టెన్‌లో కనిపించేది. నెట్ దగ్గర నిలబడి, తోటివాళ్లు స్మాష్ కొట్టడానికి బంతి లేపి ఇచ్చే సెట్టర్ ఆమె. వంగేముందు ప్రతిసారీ ఎడమ చేత్తో షార్ట్ అంచు కిందికి లాక్కునేది. ఆ బట్ట జారేదీ కాదు, ఎగిరేదీ కాదు. వెనక లెన్స్ ఉందని తెలిసి లాక్కోవడం అది. మిగతావాళ్లందరూ రెండు చేతులతో ఆడుతుంటే, ఆమె ఒక చేతిని కాపలా పెట్టి ఆడుతోంది.

ఫైనల్‌కి ముందు అమ్మాయి ఇంట్లో భోజనాల బల్ల మీద పాత మ్యాచులు ముందేసుకుని కూర్చుంది. ఒకచోట బొమ్మ ఆపి నన్ను పిలిచింది. చూస్తే తీపి షాటు. నేను మొహం తిప్పుకున్నాను.

"అబ్బా, నడుము కాదు నాన్నా. చెయ్యి చూడు."

కెప్టెన్ కుడి చెయ్యి వీపు వెనక ఉంది. రెండు వేళ్లు చాపి ఉన్నాయి. బంతి ఎవరికి లేపబోతోందో వెనకనున్న తనవాళ్లకు చెప్పే సైగ అది.

"ఇన్నేళ్లూ ఈ ఫ్రేములోనే ఉంది. ఇంతమంది ఇంత కళ్లప్పగించి చూశారా, ఒక్కడికీ కనపడలేదు," అంది.

మర్నాడు ప్రాక్టీసు దగ్గరికి వెళ్లి ఈ సైగలు తెరమీద చూపించవచ్చా అని రెండు జట్ల కెప్టెన్లనూ అడిగింది. సైగలు చూపిస్తే అవతలివాళ్లకు తెలిసిపోదా అని నాకు అనుమానం. ఎర్ర జట్టు కెప్టెన్ నవ్వేసింది.

"పాయింట్ అయిపోయాక రీప్లేలో చూపించండి, ఎవరికేం పోయింది? సెట్టు సెట్టుకీ అర్థాలు మార్చేస్తాం. అయినా మీవాళ్లు నిజంగా వేళ్లు చూస్తారంటారా?"

కాబట్టి మొదటి సెట్లో నాలుగో కెమెరా ఉన్నచోటే ఉంది.

"నాలుగు, కుడి చెయ్యి. ఇంకా దగ్గరికి."

"ఇంకా దగ్గరికంటే గోళ్లు కనిపిస్తాయమ్మాయ్."

"గోళ్లే కావాలి బాబాయ్."

"నా సర్వీసులో గోళ్లు అడిగిన డైరెక్టర్ లేడు."

"ఇప్పుడు అడిగిందిగా."

పాయింట్ అయ్యాక రీప్లే పడింది. వీపు వెనక పిడికిలి. నేను అందుకున్నాను. "ఈ సెట్లో పిడికిలంటే బంతిని తల మీదుగా వెనక్కి లేపడం. అడ్డుకోవడానికి అవతలివాళ్లు ఎడమవైపు ఎగిరారు. బంతి కుడివైపు పడింది." తర్వాతి రీప్లేకి గ్యాలరీ అంతా హాల్లోని పెద్ద తెర వైపు తిరిగింది. ఆ తర్వాత కొందరు తమ వీపుల వెనక వేళ్లు పెట్టి పక్కవాళ్లతో పందెం కాయడం మొదలుపెట్టారు.

రెండో సెట్లో కుడి చెవిలో వ్యాను తలుపు చప్పుడైంది. ప్రొడ్యూసర్.

"ఏంటమ్మా ఇది, గాజుల కొట్టు ప్రకటనా? తీపి ఏది?"

"సార్, లైవ్‌లో ఉన్నాం."

"అందుకే అడుగుతున్నా. జనం దేనికి చూస్తారో నీకు తెలీదు."

"ఏ జనం సార్?"

"మగాళ్లమ్మా. పని నుంచి ఇంటికొచ్చి టీవీ పెట్టేవాళ్లు."

"మా నాన్న కూడా మగాడే. ఆయన బంతి చూస్తాడు."

"మీ నాన్న ముసలాడు."

"కామెంటరీకి వినిపిస్తోంది సార్."

నేను స్కోరు చెబుతున్నాను. నవ్వు గొంతులోకి రాకుండా నీళ్లు తాగాను.

ప్రొడ్యూసర్ గొంతు తగ్గించాడు. "ఈ సెట్ అయ్యేలోపు పాత పద్ధతికి రా. లేదంటే ఆ కుర్చీలో నేను కూర్చుంటాను. వచ్చే సీజన్ కూడా మర్చిపో."

గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

"కూర్చుంటే కూర్చోండి సార్. నేను లేచేదాకా మాత్రం నాలుగో కెమెరా చేతి మీదే ఉంటుంది. నాలుగు, రెడీ."

ప్రొడ్యూసర్ నేరుగా కెమెరామన్‌నే పిలిచాడు. "బాబాయ్, మీరు కాస్త కిందికి దింపండి."

కోర్టు అవతల జూమ్ బాబాయ్ వంగిన వీపు నాకు కనిపిస్తూనే ఉంది. కదల్లేదు.

"ఇప్పుడు దింపితే ఫోకస్ పోద్ది సార్. రెండు వేళ్లేసింది. బంతి ఎటెళ్తదో చూడనివ్వండి."

బంతి ఎడమ చివరకు లేచింది, అక్కడినుంచి నేలకు దిగింది. వ్యానులో ఎవరో కుర్చీ లాక్కుని కూర్చున్న శబ్దం వచ్చింది. మా అమ్మాయిది కాదు, పక్కది.

టైమ్ అవుట్లో కెప్టెన్ నీళ్లు తాగుతూ హాల్లోని పెద్ద తెర వైపు చూసింది. తెర నిండా ఆమె చెయ్యి, చూపుడు వేలుకి చుట్టుకున్న తెల్ల ప్లాస్టర్‌తో సహా. సీసా దించి అలాగే నిలబడింది. పక్కమ్మాయి భుజం తట్టి ఏదో అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మళ్లీ నెట్ దగ్గరికి వచ్చి వంగింది. ఎడమ చెయ్యి అలవాటుగా షార్ట్ అంచు దాకా వెళ్లి, అక్కడ ఆగి, పైకి లేచింది.

"కెప్టెన్ రెండు చేతులతో సిద్ధంగా ఉంది," అన్నాను. అంతకన్నా చెప్పడానికి నాకు హక్కు లేదనిపించింది.

చివరి సెట్ నువ్వా నేనా అన్నట్టు సాగింది. ఎర్ర జట్టుకి ఒక్క పాయింట్ చాలు. కుడి చెవిలో ప్రొడ్యూసర్ గొంతు, ఈసారి గుసగుసగా. "బాబాయ్, దగ్గరికి, దగ్గరికి. ఒక వేలు. ఒక వేలంటే మధ్యలోకే. రాసిపెట్టుకోండి."

అవతలివాళ్లూ అదే అనుకున్నట్టున్నారు, మధ్యలో ఎగిరారు. బంతి కెప్టెన్ దగ్గరికి వచ్చింది. ఆమె లేపలేదు. ఎగిరి ఎడమ చేత్తో నెట్ మీదుగా, పూలకుండీలో నీళ్లు పోసినంత తేలిగ్గా, ఖాళీ నేల మీదికి జార్చింది.

ఎడమ చెవిలో హాలు దద్దరిల్లింది.

"ఒక వేలు చూపించి ఇదేంటమ్మా?" ప్రొడ్యూసర్ గొంతులో మోసపోయిన ఆనందం.

"అందుకే రెండో చెయ్యి కూడా చూడాలంటాను సార్. వచ్చే సీజన్‌కి అక్కడ ఇంకో కెమెరా కావాలి."

"ఇంకోటా?"

"ఒక్కటే. ప్రస్తుతానికి."

"సరే, బాబాయ్‌తో కలిసి ఏ లెన్స్ కావాలో రేపు చెప్పు."

మా అమ్మాయి అప్పటికే రీప్లే నడుపుతోంది. ఎడమ చెయ్యి నెమ్మదిగా లేచింది, వేళ్లు విచ్చుకున్నాయి, బంతి వాటిమీంచి దొర్లింది. నేను మైకుకి దూరంగా జరిగి ఊరుకున్నాను.

"కామెంటరీ, మాట్లాడరేం?"

"చూడనివ్వమ్మా."

"అమ్మా గిమ్మా లేదన్నానా," అని, ఆ రీప్లేనే ఇంకోసారి, ఇంకా నెమ్మదిగా వేసింది.