ఏటికి అవతల ఆసుపత్రి

వకీలు గారు గడ్డం గీసుకుంటూ అద్దంలోని మనిషిని ప్రశ్నలడుగుతున్నారు. ఒక చెంప మీద సబ్బు నురగ ఆరిపోతోంది.

"పటం మీద కొలిచారా, దారి మీద కొలిచారా?"

గట్టిగా వచ్చింది. నచ్చలేదు. గొంతు తగ్గించి, పసివాణ్ణి బుజ్జగిస్తున్నట్టు మళ్ళీ అడిగారు. ఈసారి కుదిరింది.

ఎముకలు తేలిన పొడుగాటి మనిషి. వదులైన కాలరులో మెడ ఒంటరిగా తిరుగుతుంటుంది. కుడి భుజం ఎడమదాని కన్నా కాస్త కిందికి జారింది. ఏళ్ళ తరబడి కాగితాల సంచి మోసిన గుర్తు అది. పేరుమోసిన వకీలేమీ కారు. గోడ తగాదాలు, అద్దె గొడవలు, గట్టు మీద చెట్టు ఎవరిదన్న రభసలు, వీటితోనే జుట్టు నెరిసింది. జడ్జి అవుతారని ఒకప్పుడు కొందరు అనుకునేవారు. అనుకున్నవాళ్ళంతా రిటైరైపోయారు.

కూతురు ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చి కుర్చీ వీపుకు తగిలించింది. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. విచారణ చూడ్డానికి రానని ముందే చెప్పేసింది.

"నాన్నా, ఒక్క మాట, కోప్పడకు. ఇదంతా జనం కోసమా, అమ్మ కోసమా?"

"మీ అమ్మ జనంలో లేదా?"

"అది వకీలు జవాబు."

"మరి నువ్వడిగింది వకీల్నే కదే!"

ఆమె నవ్వలేదు. "మాత్ర వేసుకున్నావా?" అనడిగి, జవాబు వినకుండానే బడికి బయల్దేరింది. ఆయన వేసుకోలేదు. అది వేసుకుంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇవాళ నాలుకతోనే పని.

ఇవాళ బోనెక్కబోయేది మాజీ ఆరోగ్యమంత్రి. ఒకప్పుడు ఈయన దగ్గరే జూనియరు. గొంతు ఖంగుమని మోగేది కనుక కోర్టులో అందరూ 'గంట' అనేవారు. చట్టం వంటబట్టలేదు గానీ మాట వంటబట్టింది. ఎన్నికల్లో నిలబడినప్పుడు ప్రసంగాలు రాసిచ్చింది వకీలు గారే. "ముందు నడిచేవాడు కాదు నాయకుడు, వెనకబడ్డవాడి కోసం ఆగేవాడు" అన్న మాటకు మైదానమంతా చప్పట్లు కొట్టింది. వకీలు గారి భార్య గంటకి కొసరి కొసరి వడ్డించేది. "వాడి గొంతు కాదండీ, ఆకలి చూడండి" అని నవ్వేది.

మంత్రయ్యాక గంట, పేటల్లోని ఆసుపత్రులన్నీ మూయించి, ఏటికి అవతల ఒక్క పెద్దాసుపత్రి కట్టించాడు. 'ఎవరికైనా అరగంటలో వైద్యం' అని వీధి వీధినా బోర్డులు పెట్టారు. ఒక సాయంత్రం వకీలు గారి భార్యకు గుండెలో పోటొచ్చింది. వంతెన ఎక్కడో దిగువన ఉంది. కారు ఏటి గట్టు వెంట పోతూనే ఉంది. అవతల ఆసుపత్రి దీపాలు కనబడుతూనే ఉన్నాయి. "అదిగో, వచ్చేశాం" అని ఆయన చెబుతూనే ఉన్నారు. ఆమె తల ఆయన ఒడిలో ఎప్పుడు బరువెక్కిందో తెలియలేదు.

గంట పరామర్శకు రాలేదు. మనిషిని పంపాడు.

అప్పటి నుంచీ వకీలు గారు ఏటికి ఇవతల గడప గడపా ఎక్కారు. అలా ఆ దీపాలు చూస్తూ ప్రాణం పోయినవాళ్ళు ఇంకొందరున్నారు. తాపీమేస్త్రీ కొడుకు, కానుపు నొప్పులతో బయల్దేరిన దర్జీ భార్య. వాళ్ళందరి తరఫునా పట్టు వదలకుండా తిరిగారు. చివరికి ప్రభుత్వం మారి, రిటైరైన జడ్జి గారితో విచారణ వేశారు.

పాత కోర్టు మెట్ల దగ్గర తోటి వకీలొకాయన టీ తాగుతూ ఆపాడు.

"విధానంలో పొరపాటు జరిగింది, నిజమే. ప్రభుత్వం అన్నాక జరుగుతాయి. ఈ వయసులో మీకెందుకండీ ఈ పంతం?"

"'ప్రభుత్వం నిర్ణయించింది' అంటారు చూడండి, ఆ మాటంటే నాకు ఒళ్ళు మంట. ప్రభుత్వానికి చేతులుండవు. సంతకం పెట్టిన చెయ్యి ఒకడి ఒంటికి ఉంటుంది. ప్రజాసేవ అని ఆ చెయ్యి ఊపే ఓట్లు అడిగాడు. నాకా చెయ్యి కావాలి."

గంట బోనెక్కాడు. ఒళ్ళు దిగిపోయింది, గొంతు మాత్రం తగ్గలేదు. కుర్చీలన్నీ నిండి, జనం గోడల వెంట నిలబడ్డారు.

"అరగంట అని తేల్చారు కదా. దూరం ఎలా కొలిచారండీ?" అన్నారు వకీలు గారు, బుజ్జగించే గొంతుతో.

"అధికారులు కొలిచారు."

"పటం మీదా, దారి మీదా?"

"పటం మీద. స్కేలు పెట్టి."

"ఆ పటంలో ఏరుందా?"

"ఉంది."

"స్కేలు ఏటి మీదుగా పోయిందా?"

"పోయింది."

"అక్కడ వంతెన ఉందా?"

"లేదు."

"పడవ?"

"లేదు."

వకీలు గారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "అయితే మా రోగులకు రెక్కలున్నాయని ప్రభుత్వం వారికి ఎవరు చెప్పారండీ?"

హాలంతా గొల్లున నవ్వింది. వెనక వరసలో మేస్త్రీ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. జడ్జి గారు బల్ల మీద కొడుతున్నా ఆగలేదు. వకీలు గారు ఇన్నేళ్ళూ దాచుకున్నది ఆ నవ్వునే. శాపనార్థాలు నాయకుల్ని ఏమీ చెయ్యవు, దులుపుకుపోతారు. నవ్వులపాలైతే మాత్రం కోలుకోలేరు. గంట ముఖం ఇటుకపొడి రంగుకు తిరగడం ఆయన కళ్ళారా చూశారు. కడుపు నిండినట్టయింది. ఆ వెంటనే ఎడం చెయ్యి మొద్దుబారింది.

భోజన విరామంలో వకీళ్ళ గదిలో ఓ మూల కూర్చున్నారు. మిగతావాళ్ళు క్యాంటీనుకు పోయారు. తలుపు తోసుకుని గంట ఒక్కడే వచ్చాడు.

"సార్, ఆ ఫైలు మీద సంతకం పెట్టే ముందు మిమ్మల్ని అడుగుదామనుకున్నాను."

"అడగలేదే?"

"మీరు వద్దంటారని తెలుసు."

అంటే తెలిసే చేశాడు. ఏరున్న సంగతీ, వంతెన లేని సంగతీ, అన్నీ తెలిసే.

"ఈ మాట మధ్యాహ్నం బోనులో అడుగుతాను. అందరి ముందూ చెప్పాలి."

"చెబుతాను సార్. దాని కోసమే వచ్చాను." గంట ఆయన ముఖంలోకి వంగి చూశాడు. "చెమటలు పడుతున్నాయి మీకు. డాక్టర్ని పిలవనా?"

"వద్దు."

గంట జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు వంపి ఆయన ముందు పెట్టాడు. "అమ్మగారి సంగతి తెలిసిన రోజు..."

"ఆవిడ ఊసెత్తకు. ఫో."

వకీలు గారు ఒక్క వేలితో గ్లాసును అవతలికి నెట్టారు. గంట తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆయన కళ్ళు మూసుకుని, అడగాల్సిన ప్రశ్నను లోలోపలే సర్దుకోసాగారు. మెల్లగా అడగాలి. బుజ్జగిస్తున్నట్టు అడగాలి. ప్రశ్న కుదిరింది. గొంతులోకి రాలేదు.

పిలవడానికొచ్చిన బంట్రోతు రెండుసార్లు "సార్" అన్నాడు. తర్వాత పరిగెత్తాడు.

హాల్లో జడ్జి గారు లేచి నిలబడి చావు కబురు చెప్పారు. గంట అప్పటికే బోనులో ఉన్నాడు.

"ఇక మిమ్మల్ని ప్రశ్నించేవారు లేరు. మీరు దిగవచ్చు."

గంట దిగలేదు. చెక్క కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఒక ప్రశ్న మిగిలిపోయిందండీ..." అన్నాడు. ఆ గొంతు మొదటిసారి మోగకుండా వచ్చింది.

"రెక్కల సంగతేనా?" అన్నారెవరో వెనక నుంచి. ఆపుకోలేక ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. గంట కమ్మీ వదిలేశాడు. మెట్లు దిగి, ఎవరినీ చూడకుండా బయటికి నడిచాడు. తెలిసే సంతకం పెట్టానన్న ఆ మాట మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం కూతురు సుద్దపొడి చేతులతోనే వకీళ్ళ గదికి వచ్చింది. తండ్రి సంచి, కోటు, కళ్ళద్దాలు తీసుకుంది. బంట్రోతు కిటికీలు మూసి, తలుపు దగ్గరికి లాగాడు. బల్ల అవతలి అంచున, ఎవరు పోశారో ఎవరికీ తెలియని నీళ్ళతో, ఆ గ్లాసు నిండుగా అలాగే ఉండిపోయింది.