మూడో బేసు దగ్గర ఒక్క దెబ్బ

నేను ఒక రబ్బరు పలకను. నాకు అయిదు మూలలు, ఒంటి నిండా తెల్ల రంగు, ఆ రంగు మీద ఎంతోమంది ఆడపిల్లల బూట్ల గుర్తులు ఉన్నాయి. సాఫ్ట్‌బాల్ ఆటలో నన్ను హోం ప్లేటు అంటారు. ఇల్లు అన్నారు కదా అని నా బతుకేదో గొప్పదనుకోకండి. ప్రాణం పెట్టి పరుగెత్తుకొచ్చి, వచ్చాక కాలైనా ఆనించి నిలబడకుండా అందరూ వెళ్ళిపోయే ఇల్లు లోకంలో నేనొక్కదాన్నే.

పుట్టినప్పుడు నాకీ హోదా లేదు. నిజామాబాద్ జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు పిప్పి మోసే పెద్ద బెల్టులో నేనొక ముక్కను. బెల్టు అరిగిపోయాక తీసి పారేస్తే, బస్టాండు ఎదుట చాయ్ హోటల్ నడిపే ఆయన తెచ్చి తన గుమ్మం ముందు పరిచాడు. మనుషుల అభిప్రాయాలు మొదట విన్నది అక్కడే. చాయ్ సగం తాగేలోపు ప్రభుత్వాలు పడిపోయేవి. గ్లాసు కింద పెట్టేలోపు క్రికెట్ జట్టులో సగం మంది మారిపోయేవాళ్ళు. అలా తీర్పులు చెప్పేవాళ్ళలో అందరికంటే గట్టి గొంతు పోశెట్టిది. బస్సు కండక్టరు. ఖాకీ బట్టలతో, భుజాన తోలు సంచితో వచ్చి, నా మీద కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళేవాడు.

ఆ ఊరి బడికి ఆటల టీచరుగా వసుంధర మేడం వచ్చింది. ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పుతానంది. బ్యాట్లు తెచ్చింది, బాల్ తెచ్చింది, హోం ప్లేటు మాత్రం లేదు. ఒకరోజు చాయ్‌కి వచ్చి నన్ను చూసి, హోటలాయన్ని అడిగి పట్టుకుపోయింది. చెప్పులు కుట్టే ముత్తెన్న దగ్గర కూర్చుని, నా మీద చాక్‌పీసుతో గీతలు గీసి, అలా కోయమంది. ఇదేంది మేడం అని అడిగాడు ముత్తెన్న. ఇల్లు అంది మేడం. మరి దర్వాజ ఎటు పెట్టాలె అని అతను చాలా సీరియస్‌గా అడిగాడు. నాకు దర్వాజ లేకుండానే గృహప్రవేశం జరిగింది.

ఆట తెలియని వాళ్ళు కంగారు పడకండి, చాలా సులువు. ఎదురుగా పిచ్చర్ అనే అమ్మాయి చేతిని గిరగిరా తిప్పి, నడుం పక్క నుంచి బాల్‌ని నా మీదుగా విసురుతుంది. నా పక్కన నిలబడ్డ అమ్మాయి బ్యాటుతో దాన్ని కొట్టి పరుగు తీస్తుంది. మూడు మూలల్లో పరిచిన మెత్తల్ని, అంటే మొదటి బేసు, రెండో బేసు, మూడో బేసు చుట్టి, బాల్ కంటే ముందు నన్ను ముట్టుకుంటే ఒక పరుగు. బాల్ దగ్గర్లో ఉంటే మధ్యలో ఏ బేసు మీదైనా ఆగిపోవచ్చు. కొట్టకుండా వదిలేస్తే, నా వెనకాల గొంతుకూర్చున్న క్యాచర్ పట్టుకుంటుంది. ఆవిడ వెనకాల బాల్ బయటికి పోకుండా ఇనప గుంజలకు కట్టిన వల. ఆ వల వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో పోశెట్టి.

అవును, ఆయనే. అప్పటికి రిటైరయ్యాడు. కూతురి కూతురు నవనీత ఆయన ఇంట్లోనే ఉండి చదువుకుంటూ జట్టులో చేరింది. మనవరాలి ఆట చూద్దామని ఒకరోజు వచ్చినవాడు ఇక కుర్చీ వదల్లేదు. జన్మలో బాల్ పట్టుకుని ఎరగడు. అందువల్లే ఆయన అభిప్రాయాలకు ఎక్కడా అడ్డు తగల్లేదు.

పిచ్చింగ్ గురించి ఆయన అభిప్రాయం ఒక్కటే, వేగం. నెమ్మదిగా వంకర తిప్పి వేసే బాల్ ఆయన దృష్టిలో పల్లెవెలుగు బస్సు, ప్రతి చెట్టు కిందా ఆగుతుంది. పిచ్చర్ అన్నాక ఎక్స్‌ప్రెస్ నడపాలి. మేడం పిల్లలకు ఓపికగా నెమ్మది బాల్ నేర్పుతుంటే, వల వెనక నుంచి పెద్దగా నిట్టూర్చేవాడు.

దెబ్బల గురించి ఇంకా కచ్చితంగా ఉండేవాడు. నొప్పి అంటే టికెట్ లేని ప్యాసింజరట. మొహం చూసి మాట్లాడితే తిష్ఠ వేస్తుంది, పట్టించుకోకపోతే తర్వాతి స్టాపులో దిగిపోతుంది. ఎవరైనా పిల్ల మోకాలు గీరుకుపోయి కూర్చుంటే ఈ మాట తప్పకుండా వినిపించేవాడు. ఆయనకు కాలి గోరు లోపలికి పెరిగినప్పుడు మాత్రం వేడి నీళ్ళు, పసుపు, దిండు మీద కాలు, ఇంటిల్లిపాదీ చుట్టూ తిరగడం, అన్నీ జరిగాయట. ఆ సంగతి నవనీతే క్యాచర్ రుక్సానాకు చెబుతుంటే నా చెవిన పడింది.

ఇక పరుగుల దగ్గరికొస్తే ఆయన ఇంకా తెగించిన మనిషి. మూడో బేసు దాకా వచ్చిన అమ్మాయి అక్కడ ఆగడం ఆయనకు గిట్టదు. డిపో కనబడుతుంటే మధ్యలో బస్సు ఆపుతారా అంటాడు. అందుకే చేతిలో ఒక కర్ర ఉంచుకునేవాడు. మీరు బస్సెక్కిన వాళ్ళే కదా. కండక్టరు గంట ఒకసారి కొడితే ఆపు అని, రెండుసార్లు కొడితే పోనీ అని అర్థం. పోశెట్టి ఆ అలవాటు మానలేదు. మూడో బేసు మీద అమ్మాయి కనబడితే చాలు, వల గుంజ మీద కర్రతో రెండు దెబ్బలు టంగుటంగుమని కొట్టేవాడు. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలందరూ రోజూ బస్సులో బడికొచ్చే వాళ్ళే. ఆ రెండు దెబ్బలు వినగానే వాళ్ళ కాళ్ళు బుర్రను అడక్కుండా కదిలేవి. ఒకసారి పక్క మండలం నుంచి ఆడటానికొచ్చిన అమ్మాయి కూడా మూడో బేసు మీద నిలబడి, ఆ చప్పుడుకి పరుగెత్తుకొచ్చి అవుటైపోయింది. వాళ్ళ సారు వచ్చి కొట్లాట పెట్టుకున్నాడు. వసుంధర మేడం పోశెట్టికి దండం పెట్టి, కర్ర ఇంట్లో పెట్టి రమ్మంది. మర్నాడు కొంచెం సన్న కర్ర తెచ్చాడు. అన్నేళ్ళలో ఆ గుంజ మీద రెండు దెబ్బలే తప్ప ఒక్క దెబ్బ పడగా నేను వినలేదు.

నవనీత మంచి పిచ్చర్ అయింది. తాత అభిప్రాయాల వల్ల కాదు, మేడం వల్లా, తన మొండితనం వల్లా. ఆ పిల్ల బాల్ నా నడి వీపు మీదుగా గాలి కోసుకుంటూ వెళ్ళి రుక్సానా గ్లవ్‌లో చప్‌మని పడేది. పరుగు తీస్తే ఆఖర్న కుడి చెయ్యి ముందుకు చాపి, బోర్లా దూకి, అరచేత్తో నన్ను కొట్టేది. ఎంతమంది నన్ను తొక్కినా, నన్ను చేత్తో ముట్టుకున్నది ఆ పిల్లే. అందుకే ఆమె అంటే నాకు పక్షపాతం. దాచుకోను.

ఆమె పదో తరగతి చదివే ఏడాది, జిల్లా పోటీల ముందు, ఆ బాల్ మారింది. నడి వీపు మీదుగా పోవాల్సింది అంచు మీదుగా పోతోంది. కొన్నిసార్లు ముందే నేల తగిలి నా మొహాన దుమ్ము కొడుతోంది. ఒక్కో బాల్ వేశాక నవనీత భుజాన్ని చెవి దాకా ఎత్తి, ఎవరూ చూడటం లేదనుకుని మెల్లగా దించుతోంది. మేడం అడిగితే ఏం లేదంది. వల వెనక పోశెట్టి మాత్రం పల్లెవెలుగు, పల్లెవెలుగు అని గొణుగుతూనే ఉన్నాడు. నాకు నోరుంటే ఆయన్ని ఆ రోజే కుర్చీతో సహా గ్రౌండు దాటించేదాన్ని.

ఫైనల్ మా గ్రౌండులోనే జరిగింది. గెలిచిన జట్టు పిచ్చర్‌ని రాష్ట్ర జట్టుకి తీసుకుంటారని అందరికీ తెలుసు. చివరి ఇన్నింగ్స్ దాకా రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అవతలి వాళ్ళ వంతు ముగిసేసరికి నవనీత మొహం పాలిపోయింది. పిచ్చర్‌ని మారుద్దామా అని మేడం అడిగితే అక్కర్లేదంది. అక్కర్లేదని వల వెనక నుంచి కూడా వినబడింది. ఇక మా వాళ్ళ బ్యాటింగు. ఒక్క పరుగు చాలు.

నవనీత బ్యాట్ ఎత్తడానికి వెళ్ళగానే, రుక్సానా హెల్మెట్ తీసి వల దగ్గరికి నడిచింది. నెమ్మదస్తురాలు, పెద్దవాళ్ళ ముందు కళ్ళెత్తి మాట్లాడని పిల్ల. ఆ రోజు తిన్నగా పోశెట్టి మొహంలోకి చూసింది.

"తాతా, దాని చెయ్యి పైకి లేస్తలేదు. శానా దినాల సంది దానికి జడ నేనే ఏస్తున్న. ఇంట్ల చెప్తే నువ్వు నవ్వుతవని చెప్తలేదు."

పోశెట్టి కర్రను ఒళ్ళోకి దించాడు. రోజూ ఒకే ఇంట్లో తిరిగే పిల్ల, పొద్దున్నే జడ లేకుండా బడికి ఎందుకు పోతోందో ఆయన ఒక్కసారీ అడగలేదు. అది ఆయనకు అప్పుడే తట్టిందని మొహం చూస్తే నాకు అర్థమైంది.

ఈలోపు నవనీత చేతనైనట్టు బ్యాట్ తిప్పి మొదటి బేసు చేరింది. తర్వాత వాళ్ళు కొట్టిన దెబ్బలకు రెండో బేసుకి, అక్కడి నుంచి మూడో బేసుకి వచ్చింది. అప్పుడు అవతలి క్యాచర్ చేతిలోంచి బాల్ జారింది. దొర్లి దొర్లి వల దాకా వెళ్ళి, సరిగ్గా పోశెట్టి కాళ్ళ ముందు ఆగింది. అది ఎంత దూరం పోయిందో, క్యాచర్ దాన్ని అందుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఆయన కంటే దగ్గర్నుంచి చూసిన వాళ్ళు లేరు. పరుగెత్తితే గెలుపు. కాకపోతే వాళ్ళ పిచ్చర్ అప్పటికే నన్ను కాపలా కాయడానికి ఉరికొస్తోంది కాబట్టి, నవనీత దూకాలి. కుడి చెయ్యి చాపి, ఆ భుజం మీదే పడాలి.

మేడం రా రా అని అరిచింది. గ్రౌండంతా అరిచింది. నవనీత నాలుగడుగులు వేసేసింది.

గుంజ మీద టంగుమని ఒక్క దెబ్బ పడింది.

రెండోది పడలేదు. నవనీత కాళ్ళు ఆగిపోయాయి. రోజూ బస్సులో వచ్చే కాళ్ళవి. ఒకసారి తాత వైపు చూసి, వెనక్కి తిరిగి మూడో బేసు మీదికి వెళ్ళిపోయింది. తర్వాతి అమ్మాయి అవుటైంది. ఆట ఇంకో ఇన్నింగ్స్‌కి వెళ్ళింది. ఈసారి మేడం అడక్కుండానే పిచ్చర్‌ని మార్చింది. మేం ఒక్క పరుగుతో ఓడిపోయాం.

జనం పోశెట్టిని అనని మాట లేదు. ముసలాయనకు మతి పోయిందన్నారు. మేడం కూడా ఆయన్ని కడిగేద్దామనే విసురుగా వచ్చింది. కానీ ఆమె కంటే ముందు నవనీత అక్కడికి వచ్చింది. ఏడుపు ఆపుకుంటూ వల రెండు చేతులతో పట్టుకోబోయి, కుడి చెయ్యి లేవక, ఎడమ చేత్తోనే పట్టుకుంది.

"ఎందుకు ఆపినవ్ తాతా? నేనొస్తుంటి కదా."

"నువ్వొస్తుంటివి బిడ్డా," అన్నాడు పోశెట్టి. "నీ చెయ్యే రాకపోతుండె."

మేడం వెనక్కి వెళ్ళి, మంచినీళ్ళ సీసా తెచ్చి ఆ పిల్లకిచ్చింది. నాకు దుఃఖం వచ్చింది. ఆ రోజు గెలుపు నన్ను ముట్టుకోవలసింది, ముట్టుకోలేదు. అయినా ఆ పిల్ల నా దాకా రానందుకు నాకు సంతోషంగా ఉంది. రెండూ నిజమే.

భుజంలో నరం దెబ్బతిందని, ఇంకాస్త లాగి ఉంటే కోత తప్పేది కాదని డాక్టరు చెప్పాడట. చాలాకాలం బాల్ ముట్టుకోవద్దన్నాడు. రాష్ట్ర జట్టుకి అవతలి అమ్మాయి వెళ్ళింది. నేను కూడా అంచులు పగిలిపోయి పనికిరాకుండా పోయాను. బడికి కొత్త ప్లేటు వచ్చింది. మేడం నన్ను గోడ వారగా పడేయించింది. చెత్తలో పోతాననుకున్నాను. పోశెట్టి అడిగి చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

ఇప్పుడు నేను వాళ్ళ వాకిట్లో ఉన్నాను. ఇన్నాళ్ళూ బాల్ నా వైపుకి వచ్చేది. ఇప్పుడు నవనీత నా మీద నిలబడి ఎదురు గోడకు వేస్తోంది. డాక్టరు చెప్పినట్టు, చేతిని కొంచెం కొంచెంగా తిప్పుతూ. మొదట్లో బాల్ గోడ దాకా కూడా పోయేది కాదు, సగం దూరంలో ఆగిపోయేది. పోశెట్టి తన గోరు కాలితోనే నడిచి వెళ్ళి, వంగి, తీసుకొచ్చి ఆ పిల్ల ఎడమ చేతిలో పెట్టేవాడు. మళ్ళీ వేసేది. మళ్ళీ వెళ్ళేవాడు.

ఆయన అభిప్రాయాలు మానేశాడని అనుకోకండి. గ్రౌండుకి పోయి, ఇప్పుడు కనబడ్డ ప్రతి పిచ్చర్‌నీ, అవతలి జట్టు పిల్లల్ని కూడా, డాక్టరుకు చెయ్యి చూపించుకొమ్మని సతాయిస్తున్నాడట. పోయిన వారం ఒక సారు మళ్ళీ కొట్లాటకు వచ్చాడని రుక్సానా చెప్పి నవ్వింది.

ఇవాళ పొద్దున నవనీత వేసిన బాల్ మొదటిసారి గోడకు తగిలింది. పెద్ద వేగమేమీ కాదు. అచ్చంగా పల్లెవెలుగే. పోశెట్టి నోరు తెరిచాడు. నవనీత ఆయన వైపు చూస్తూ నిలబడింది. ఆయన నోరు మూసుకుని, బాల్ తేవడానికి వెళ్ళాడు.